ఊఁ కొట్టేవాళ్ల కోసం

మలక్‌పేట అనగానే హైదరాబాదు వాళ్లకు గుర్తొచ్చేవి గుర్రప్పందేల మైదానం, గంజు, ఆ చుట్టుపక్కల ఎక్కడ నిలబడ్డా కనబడే టీవీ టవర్. మాయలకూ మంత్రాలకూ ఆ పేట ప్రసిద్ధి కాదు. కానీ దానికి పేరిచ్చిన కాలం మాత్రం అద్భుత కథల కాలమే. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో పనిచేసిన మాలిక్ యాకూబ్ ఇక్కడ ఉండేవాడనీ, అతని పేరు మీద వెలసిన పేటే వాడుకలో మలక్‌పేట అయిందనీ చెబుతారు.

ఆ సుల్తాను 1626 నుంచి 1672 దాకా ఏలాడు. ఆయన కోరిక మీద ముల్లా వజ్హీ 1635లో దక్కనీ వచనంలో ‘సబ్ రస్’ రాశాడు. అందులో బుద్ధి ఒక రాజు, హృదయం అతని కొడుకు. ప్రేమ ఇంకో రాజు, సౌందర్యం అతని కూతురు. చూపు అనే వేగులవాడు ఈ రెండు రాజ్యాల మధ్య తిరుగుతుంటాడు. అందరూ వెతికేది అమృతజలం కోసం. అదే కొలువులో గవ్వాసీ అనే కవి ఒక రాకుమారుడు పరీల రాచకన్యను వెతుక్కుంటూ పోయే ‘సైఫుల్ ములూక్ వ బదీ ఉల్ జమాల్’ చెప్పాడు, 1639లో చిలుక కథల ‘తూతీనామా’ పూర్తిచేశాడు. హమదాన్ నుంచి వచ్చిన హాజీ అనే కిస్సాఖ్వాన్, అంటే కథలు చెప్పడమే వృత్తిగా ఉన్నవాడు, అమీర్ హమ్జా సాహసాల రాతప్రతులు వెంట తెచ్చి, వాటి నుంచి ‘జుబ్దత్ ఉర్ రుమూజ్’ అనే గ్రంథం కూర్చి గోల్కొండ కొలువుకే అందించాడు.

ఫాంటసీ రాసేవాళ్లను ఎవరైనా ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఈ ఊహలన్నీ మీకెక్కడివి? కలలో వచ్చాయనో, చిన్నప్పుడు చదివిన పుస్తకాల్లోంచనో రచయితలు ఏదో ఒకటి చెబుతారు. మన కథలు మాత్రం ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పాయి. అడిగేవాడు ఉన్నాడు కాబట్టి కథ పుట్టింది. ‘ఊఁ’ కొట్టేవాడు నిద్రపోలేదు కాబట్టి సాగింది. మన అద్భుత కథల పనితనమంతా, అల్లిక దగ్గర్నుంచి ముగింపు దాకా, ఆ వినేవాడి చుట్టూ కట్టుకున్నదే.

అడిగితేనే కథ

ఈ సంప్రదాయానికి ఆదిపురుషుడని చెప్పుకునే గుణాఢ్యుడి గాథే చూడండి. శాతవాహన రాజుకు సంస్కృతం నేర్పే విషయంలో పందెం ఓడి, ఆయన సంస్కృతాన్నీ ప్రాకృతాన్నీ దేశభాషనూ వదిలేశాడు. అడవి పట్టి, మిగిలిన పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథను తన నెత్తురుతో రాశాడు. రాజు దాన్ని కాదన్నాడు. గుణాఢ్యుడు కొండ మీద మంట వేసి, ఒక్కో ఆకు చదివి వినిపించి ఆ మంటలో వేస్తూ పోయాడు. అడవి మృగాలు మేత మాని చుట్టూ నిలబడి కన్నీళ్లతో విన్నాయి. మేత లేక అవి చిక్కిపోతే రాజుగారి వంటశాలకు వచ్చే మాంసంలో సారం పోయింది. ఎందుకని ఆరా తీస్తూ రాజు అడవికి వచ్చేసరికి మిగిలింది లక్ష శ్లోకాలే.

ఈ గాథ చదివి కాలిపోయిన ఆరు లక్షల కోసం బాధపడతాం. గుణాఢ్యుడు చేసిన పని వైపు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆయన గ్రంథాన్ని ఒక్కసారిగా మంటలో పడెయ్యలేదు. ప్రతి ఆకూ ముందు చదివాడు, తర్వాతే కాల్చాడు. రాజు వినకపోతే జింకలకు వినిపించాడు గానీ వినిపించకుండా ఒక్క ఆకూ పోనివ్వలేదు. రాతమీద ప్రేమకు మన దేశం చెప్పుకున్న మొదటి కథ ఇదే కావచ్చు. అందులో రచయిత కీర్తి అడగలేదు, చెవులు అడిగాడు. ఆ కథలనే 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’గా తిరిగి చెప్పినప్పుడు కూడా, అది సూర్యమతి అనే రాణికి మనసు మళ్లించడానికి చెప్పినదే.

అక్కడి నుంచి ఏ కథల పుస్తకం తెరిచినా మొదటి పుటలోనే ఒక శ్రోత ఎదురవుతాడు. గవ్వాసీ చిలుకకు మూలం 1330లో నఖ్షబీ పారసీలో రాసిన తూతీనామా. దానికి మూలం సంస్కృత శుకసప్తతి. భర్త దూరదేశం పోయాడు, భార్య ప్రియుడి దగ్గరకు బయల్దేరింది. ఇంట్లో రెండు పక్షులు. ఇది తప్పని గోరువంక మొహం మీదే చెప్పింది, ఆమె చేతిలో చచ్చింది. చిలుక మాత్రం వెళ్లమనే అంది, కాకపోతే వెళ్లే ముందు ఫలానావాడికి ఏం జరిగిందో తెలుసుకుంటే మంచిదంది. ఏం జరిగిందని ఆమె అడిగింది. తెల్లవారింది. మర్నాడు రాత్రి ఇంకో కథ. నీతి చెప్పిన గోరువంక పోయి, కథ చెప్పిన చిలుక మిగలడంలోనే ఈ రచనా సంప్రదాయం తన గురించి తాను చెప్పుకోవలసిందంతా చెప్పుకుంది.

గవ్వాసీ నాటి 17వ శతాబ్దంలోనే పాలవేకరి కదిరీపతి తెలుగులో ‘శుకసప్తతి’ రాశాడు. తర్వాత అయ్యలరాజు నారాయణామాత్యుడి ‘హంసవింశతి’లో చిలుక స్థానంలోకి హంస వచ్చి, హేమావతిని ఇరవై రాత్రులు ఆపింది. గోల్కొండలో దక్కనీ చిలుక, రాయలసీమలో తెలుగు చిలుక దాదాపు ఒకే కాలంలో ఒకే పని చేస్తున్నాయన్నమాట. ఆడదాన్ని గడప దాటనివ్వకపోవడానికి ఇంత కథాకౌశలం ఖర్చుపెట్టారే అని ఈనాటి పాఠకురాలు అడిగితే ఆ అడగడం న్యాయమే. అయినా ఆ చట్రంలో ఒక మెలిక ఉంది. ఆమె ప్రతి రాత్రీ ఆగిపోయింది చిలుక ఆపినందుకు కాదు, తర్వాత ఏమయిందో తనకే తెలుసుకోవాలనిపించి. కథ నడిపించే బలం ఆమెదే.

ఈ చట్రాన్ని అచ్చ తెలుగు రోడ్డు మీదకు తెచ్చినవాడు మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928). ఆయన ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి పోవాలనుకుంటాడు, తోడు వచ్చేవాడు దొరకడు. చివరికి గోపడనే పశువుల కాపరి ఒప్పుకుంటాడు, ఒక షరతు మీద: మజిలీ మజిలీకీ తనకొక కథ చెప్పాలి. మజిలీ చేరగానే గోపడు ఊరు చూడ్డానికి పోతాడు. ఏదో వింత కంటబడుతుంది, దాని సంగతేమిటని వచ్చి అడుగుతాడు. సిద్ధుడు తన దగ్గరున్న మణి మహిమతో ఆ వింత వెనకున్న వృత్తాంతం తెలుసుకుని చెబుతాడు. కాశీ ప్రయాణం జరుగుతున్నది సిద్ధుడి పుణ్యం కోసమే అయినా, కథ జరుగుతున్నది చదువు రాని గోపడి కుతూహలం కోసం. పండితుడు చెప్పాలి, పామరుడు అడగాలి. అడగడం మానేస్తే నడక ఆగిపోతుంది. ఒప్పందం అలాంటిది.

మాయకూ కట్టుబాటు

వినేవాడు ఎదురుగా ఉంటే చెప్పేవాడు ఇష్టం వచ్చినట్టు కోతలు కోయలేడు. ‘అదెలా?’ అని అడుగుతారు. అందుకే మన కథల్లో మాయ ఎంత విచ్చలవిడిగా కనబడినా దానికి కట్టుబాటు ఉంటుంది.

పల్లెల్లో తరతరాలు చెప్పుకున్న బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఎవర్నయినా రాయి చేయగలడు. అతని ప్రాణం మాత్రం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. ఈ ఒక్క నియమం తీసేయండి, కథ కూలిపోతుంది. ఫకీరు ఓడిపోవడానికి వీల్లేదు, బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు తల్లి కోసం బయల్దేరడానికి చోటు లేదు. ప్రాణం ఎక్కడో దాచి ఉందనగానే ఫకీరుకు భయం పుడుతుంది, పిల్లవాడికి దారి పుడుతుంది, వినేవాడికి ఆశ పుడుతుంది. శాపానికి విమోచనం, వరానికి మినహాయింపు, మంత్రానికి గడువు పెట్టడమంతా ఈ పనితనంలో భాగమే. శాపం ఇచ్చిన నోటితోనే ముని విమోచనం కూడా చెప్పడం ఆయన దయాగుణానికి నిదర్శనం కావచ్చు. కథకుడికి మాత్రం అది వెయ్యి పుటల తర్వాత పేలవలసిన మందుపాతర.

1951లో కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’ ఈ కట్టుబాటును తెరమీద చూపించింది. కాశీమజిలీ కథల వాసన ఉన్న ఆ చిత్రానికి రచన పింగళి నాగేంద్రరావుది. అందులో పాతాళభైరవి ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే ఆ దేవత వారి మాట వింటుంది. ఆ చెయ్యి తోటమాలి కొడుకు తోటరాముడిదా, దుష్టుడైన నేపాళ మాంత్రికుడిదా అని చూడదు. మంచివాడికే పనిచేసే మహిమ అయితే ప్రేక్షకుడికి కంగారెందుకు? నియమం ఎవరి పక్షానా లేకపోవడం వల్లే ప్రతిమ చేతులు మారినప్పుడల్లా హాలులో ఊపిరి బిగిసింది.

బేతాళ కథల చట్రం ఇంకా కఠినం. ఒక యోగి కోరిక మీద బేతాళుడున్న శవాన్ని మోసుకొస్తూ, అతను చెప్పే కథలు వినే విక్రమార్కుడు మాట్లాడకూడదు, మాట్లాడితే శవం తిరిగి చెట్టెక్కుతుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. రెండు నియమాలూ ఒకదానికొకటి అడ్డం. ఈ ఇరుకులోంచే పాతిక కథలు వచ్చాయి. ఇక్కడ ఊఁ కొట్టేవాడికే ఊఁ కొట్టడం నిషేధించాడు కథకుడు! నోరు మెదపని శ్రోత చేత నోరు తెరిపించగల కథ చెప్పాలి. రచయిత తనకు తాను పెట్టుకోగల పరీక్షల్లో ఇంతకన్నా పెద్దది దొరకదు.

నియమాలతో ఆటలో తెలుగులో అందరికంటే దూరం పోయినవాడు 16వ శతాబ్దపు పింగళి సూరన. ‘కళాపూర్ణోదయం’లో బ్రహ్మ సరస్వతికి సరదాగా ఒక కథ చెబుతాడు. బ్రహ్మ నోట వచ్చింది కాబట్టి అది జరిగి తీరాలి. ఆ కథలోని పాత్రలు నిజంగా పుడతాయి, నడుస్తాయి. వాళ్ల గాథను చివరికి చెప్పేది మధురలాలస అనే పసిపాప. మెడలో మణిహారం పడగానే ఆ పిల్లకు అన్నీ గుర్తొస్తాయి. పురాణాల నుంచి తీసుకోని కథతో ప్రబంధం రాయడమే అప్పటికి సాహసం. కథ చెప్పడమనే పని ఎలా లోకాల్ని పుట్టిస్తుందో అనే సంగతినే కథావస్తువు చేసుకోవడం ఇంకా పెద్ద సాహసం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దాన్ని 2002లో ఇంగ్లీషులోకి తెచ్చాక బయటి పాఠకులకూ ఈ వింత తెలిసింది.

నేల విడవని సాము

అద్భుతాన్ని నమ్మించాలంటే దాని చుట్టూ ఉన్నవన్నీ మామూలువై ఉండాలి. రాక్షసుడు వచ్చే ఊళ్లో పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కథకుడికి తెలియాలి. ఈ సూత్రం మనవాళ్లు ఎంత గట్టిగా పాటించారో చెప్పడానికి ఒక సాక్ష్యం చాలు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ప్రచురించారు. మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలు ఆడారు అని ఆయన వెతికినప్పుడు రాజుల శాసనాలు అంతగా పలకలేదు. చిలుక చెప్పిన శుకసప్తతి, హంస చెప్పిన హంసవింశతి పలికాయి. వృత్తులు, పంటలు, నగలు, సంత సరుకులు, వైద్యాలు, పిల్లల ఆటల పేర్లు ఆ కావ్యాల్లో కుప్పలుగా ఉన్నాయి.

మాట్లాడే పక్షిని నమ్మమన్న కవి మిగతా అంతటా అబద్ధమాడలేదు. పక్షి ఒక్కటే కల్పన, దాని పంజరం వేలాడే వసారా నిజం. అందువల్లే మూడు వందల ఏళ్ల తర్వాత చరిత్రకారుడికి ఆ వసారా ఉపయోగపడింది. కొత్తగా ఫాంటసీ రాసేవాళ్లు దీన్ని తిరగేసి చేస్తుంటారు. రాజ్యాల పేర్లు, వంశవృక్షాలు, కత్తుల పేర్లు పుటలకొద్దీ కల్పిస్తారు. ఆ రాజ్యంలో ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందో, చాకిరేవు ఎటువైపు ఉందో వాళ్లకే తెలియదు. వినేవాడు మాత్రం ముందు అడిగేది అదే.

కాశీమజిలీ గోపడికి వింతలు కనబడింది కూడా ఊరి సందుల్లోనే. మణి ఉన్నది సిద్ధుడి దగ్గర, చూసే కళ్లున్నది కాపరికి. ఈ రెండింటి పొత్తే కథ.

యుక్తిపరుడి గెలుపు

ఉర్దూలో దాస్తాన్ అనే సాహసగాథలు చెప్పేవాళ్లు తమ కథకు కొన్ని దినుసులు ఖాయం చేసుకున్నారు: యుద్ధం, విలాససభ, ప్రేమ, తిలిస్మ్ అనే మాయానగరం, అయ్యారీ. 1883 నుంచి లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్సు అచ్చువేసిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ సంపుటాల్లో ఇవన్నీ దట్టంగా ఉంటాయి. వీటిలో జనం ఎక్కువగా ప్రేమించింది అయ్యార్‌ను. వేషాలు మార్చేవాడు, గోడలు దూకేవాడు, మాంత్రికుణ్ణి మాటలతో బుట్టలో వేసేవాడు. అమీర్ హమ్జా వీరుడే, కానీ అతని అయ్యార్ అమర్ లేకపోతే అడుగు ముందుకు పడదు. మంత్రం తెలియనివాడు మంత్రం తెలిసినవాణ్ణి బురిడీ కొట్టించడంలో ఉన్న ఆనందం ఎన్ని కత్తియుద్ధాలు పెట్టినా రాదు.

తెలుగు కథలకూ ఇదే రుచి. బేతాళ కథల చివర యోగి రాజును సాగిలపడి మొక్కమంటాడు, వంగగానే తల నరకాలని. నేను రాజును, ఒకరికి మొక్కి ఎరగను, ఎలాగో చూపించమంటాడు విక్రమార్కుడు. చూపించబోయి యోగే తల పోగొట్టుకుంటాడు. పాతాళభైరవిలోనూ బలి ఇవ్వబోయినవాడే బలవుతాడు. రాజుకు దక్కిన ఈ యుక్తి తోటమాలి కొడుక్కి దక్కడమే సినిమా చేసిన మార్పు. నేల టికెట్టు ప్రేక్షకుడు ఈలలేసింది ఆ మార్పుకే. అద్భుత కథ పైకి రాజులదిగా కనబడుతుంది గానీ, లోపల అది ఏమీ లేనివాడి పక్షాన పనిచేస్తుంది. ఉన్నవాడికి మాయ ఉంది, లేనివాడికి బుర్ర ఉంది. కథ రెండోదానికే ఓటు వేస్తుంది.

ఇంకా ఉంది

ఈ సంప్రదాయమంతా 20వ శతాబ్దంలో నెలకోసారి ఇంటికి వచ్చే పత్రికలోకి ఒదిగింది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టారు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వ బాధ్యత తీసుకున్నారు. దెయ్యాలనూ మంత్రాలనూ నమ్మని హేతువాది, వామపక్ష రచయిత. అదే ఏడు ఇరవై ఏళ్ల దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో చేరారు. 1954లో ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది. దాని తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... భల్లూకమాంత్రికుడు దాకా, తోకచుక్కతో కలిపి పన్నెండు సీరియళ్లు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల పేర్లు ఆ తరం పిల్లలకు మేనమామల పేర్లంత దగ్గరయ్యాయి.

దాసరి చేతిపని గమనించండి. ఒక్కో నెలకు దొరికేది కొద్ది పుటలే. మొదట జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పాలి, కొత్తగా చేరిన పాఠకుడు దారి తప్పకుండా. చివర ఏదో ఒక ఆపద దగ్గర ఆపాలి, పాత పాఠకుడు నెల్లాళ్లు ఎదురుచూసేలా. మధ్యలో చిత్రకారుడు చిత్ర గారి బొమ్మలకు పనికొచ్చే ఘట్టాలుండాలి. పడవ పగలాలి, గుహ తెరుచుకోవాలి, వింత జంతువు మీద పడాలి. వర్ణనలకు చోటు లేదు, ఉపన్యాసాలకు అసలే లేదు. వాక్యం పొట్టిది, క్రియ ముందుకు తోసేది. ఇన్ని ఇరుకుల మధ్య రాసిన ఆ వచనం పదేళ్ల పిల్లాడికీ అడ్డు తగల్లేదు, వాడికి చదివి వినిపించే తాతకూ విసుగు పుట్టించలేదు. చిలుక తెల్లవారే దాకా లాగిన కథను దాసరి మరుసటి నెల దాకా లాగారు. చిలుకకు ఒక్కతే శ్రోత. ఈయనకు అచ్చులో తప్ప కనబడని వేలమంది.

ఆ సీరియళ్ల మీద రచయిత పేరు వేయలేదు. సంచిక కోసం పోస్ట్‌మాన్‌కు ఎదురెళ్లిన పిల్లలకు రాసిందెవరో తెలియదు. పెద్దయ్యాక చాలామంది ఆ పేరు వెతికి తెలుసుకున్నారు. ఆయన 2006 దాకా, అర్ధశతాబ్దానికి పైగా, అదే పత్రికలో పనిచేసి 2010లో కన్నుమూశారు. రాత మీద ప్రేమ ఎలా ఉంటుందని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ చూపలేం. పేరు రాదు, సభలు లేవు, సన్మానాలు లేవు. వచ్చే నెల పిల్లలు ఎదురుచూస్తుంటారు, అంతే. ఆ ఎదురుచూపే ఆయన్ను ముందుకు తోసిన చెయ్యి.

చందమామ బేతాళ కథలదీ ఇదే తీరు. పాతిక కథలు అయిపోయాక పత్రిక చట్రాన్ని వదల్లేదు. మొదటి పేరా, చివరి పేరా అవే ఉంచి, మధ్యలో కొత్త కథలు వందల సంఖ్యలో పెట్టింది. చట్రం పాతది, ప్రశ్న కొత్తది. సంప్రదాయం బతికుండడం అంటే ఇదే.

కథకు గుమ్మాలు అడ్డం కావు

హైదరాబాదులో ఈ కథలు ఒక భాష ఇంట్లో తలుపు వేసుకుని కూర్చోలేదు. గుల్ బకావలీ పువ్వు కథనే తీసుకోండి. చూపు పోయిన రాజు, ఆ చూపు తెప్పించే పువ్వు, పరీల లోకం. 1803లో ఫోర్ట్ విలియం కాలేజీ కోసం నిహాల్‌చంద్ లాహోరీ దాన్ని పారసీ నుంచి ఉర్దూలోకి తెచ్చాడు. తెలుగు పల్లెలు దాన్ని తమ కథ చేసుకున్నాయి. 1962లో ‘గులేబకావళి కథ’ సినిమాగా వస్తే పాటలు రాసింది సి. నారాయణరెడ్డి, ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న తెలంగాణ తెలుగు కవి. సినిమా పాటలకు ఆయన తొలి అడుగు అదే. పువ్వు ఎవరిదన్న తగాదా ఎవరికీ తట్టలేదు.

మలక్‌పేట పక్కనే ఇంకో నిదర్శనం ఉంది. ఆస్మాన్‌గఢ్ గుట్ట దగ్గర నిజాం సైన్యంలో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి, 1798 నాటిది. హిందువులు అతన్ని మూసా రామ్ అన్నారు, ముస్లిములు మూసా రహీమ్ అన్నారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఫిరంగుల మొనగాడు ఇటు రాముడి పేరుతో, అటు రహీము పేరుతో గాథల్లోకి వెళ్లిపోయాడు. మూసారాంబాగ్ ఆ పేరే మోస్తోంది. ఫాంటసీ రచయిత ఒంటరిగా గదిలో కూర్చుని చేసే పని ఇక్కడ పేటలూ బస్తీలూ కలిసి చేశాయి. తెలియని మనిషిని తెలిసిన కథలోకి తెచ్చుకున్నాయి.

దేనికి పనికొస్తుంది

ఇంత చెప్పినా ఒక అభ్యంతరం మిగులుతుంది. ఇవన్నీ బతుకునుంచి పారిపోవడమే కదా అని. వినేవాణ్ణి కథలోనే కూర్చోబెట్టిన సంప్రదాయానికి ఈ అభ్యంతరం అంతగా తగలదు. చిలుక కథ వింటున్న స్త్రీ తన నిర్ణయం తీసుకునే ముందు ఇంకొకరి బతుకు చూసింది. విక్రమార్కుడు ప్రతి కథ చివరా తీర్పు చెప్పవలసి వచ్చింది. తప్పెవరిది, త్యాగమెవరిది, ఎవరికి దక్కాలి అని. గోపడు వింత చూసి భయపడి పారిపోలేదు, కారణం అడిగాడు. వినడం, తీర్పు చెప్పడం, కారణం అడగడం బతుకులో మనకు రోజూ కావలసిన పనులే. మంత్రాలు నమ్మని కుటుంబరావు సంపాదకత్వంలో మాంత్రికులు పాతికేళ్లకు పైగా వర్ధిల్లడంలో అందుకే వైరుధ్యం లేదు. పిల్లవాడు మాంత్రికుణ్ణి నమ్మడానికి చదవడు. వాణ్ణి ఎలా ఓడిస్తారో చూడటానికి చదువుతాడు.

బయటి లోకంలోనూ గొప్ప ఫాంటసీలు ఇలాగే పుట్టాయి. 1862 జూలై 4న పడవలో పోతూ ముగ్గురు అక్కచెల్లెళ్లు కథ చెప్పమని వెంటపడితే లూయిస్ కారల్ నోటికి వచ్చిందే ‘ఆలిస్’ కథ. టోల్కీన్ తన పిల్లలకు చెప్పిన కథే 1937లో ‘హాబిట్’గా అచ్చయింది. పుస్తకం తర్వాత వచ్చింది. ముందు ఎవరో అడిగారు.

ఇప్పుడు తెలుగులో ఫాంటసీ రాయాలనే కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు. మాధ్యమాలు పెరిగాయి, వినిపించే సదుపాయమూ పెరిగింది. వాళ్లు ముందు పటాలు గీస్తున్నారు, లిపులు కల్పిస్తున్నారు, రాజవంశాలకు నాలుగు తరాల చరిత్ర రాసుకుంటున్నారు. తప్పు లేదు. కానీ మన కథకులు ఆ పని చివర పెట్టారు. ముందు చేసింది, వినేవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకోవడం. అతనికి ఏం తెలియదో, ఎక్కడ నవ్వుతాడో, ఎక్కడ నమ్మడో చూసుకుంటూ మాయను అల్లడం.

కాబట్టి కొత్త రచయితకు ఈ సంప్రదాయం ఇచ్చే మొదటి పాఠం చాలా తేలికైనది, ఖర్చు లేనిది. రాసిన అధ్యాయాన్ని ఇంట్లో ఒక పిల్లకో, ఒక ముసలమ్మకో పైకి చదివి వినిపించాలి. వాళ్లు ‘అదెలా?’ అన్నచోట నియమం తప్పిందని అర్థం. దిక్కులు చూసినచోట వసారా వర్ణన బాగానే ఉన్నా పక్షి మాట్లాడలేదని అర్థం. ‘తర్వాత?’ అన్నచోట ఆపేసి, మిగతాది రేపు చెప్పాలి. రేపు వాళ్లే వచ్చి అడిగితే మీరు రచయిత అయినట్టు. అడగకపోతే ఆ అధ్యాయం మళ్లీ రాయాలి.